ఏడు వందల యాభై వచ్చేదాకా

మరిదికి,

ఆశీస్సులు ఈసారికి లేవు. నేరుగా విషయంలోకి వస్తున్నాను.

నేను పై వాటాలో, నువ్వు కింది వాటాలో. మధ్యలో పద్దెనిమిది మెట్లు. అవి దిగి నీతో మాట్లాడే ఓపిక నాకు లేదు. అందుకే ఈ కాగితం మెట్ల కిందున్న కరెంటు మీటరు డబ్బాలో పెడుతున్నాను. మీ అన్నయ్య బస్సు డ్యూటీ నుంచి ఇంటికొచ్చేదే వారానికి రెండు రోజులు. ఆ రెండు రోజులూ మన ఇద్దరి కబుర్లు మోయడం తన వల్ల కాదని చెప్పేశారు.

నిన్న బ్యాంకుకి వెళ్ళాను. పదకొండేళ్ళుగా ఇంకొకరి ల్యాబులో రక్తం తీస్తున్నాను, ఇకనైనా నాదంటూ ఒక చిన్న ల్యాబు పెట్టుకుందామని అప్పు అడిగాను. మేనేజరు కంప్యూటరులోకి చూసి, "మీరెవరికైనా హామీ సంతకం పెట్టారామ్మా?" అన్నాడు. మా మరిది సోఫాల షాపుకి పెట్టానన్నాను. "ఆ అప్పు సరిగ్గా తీరలేదు. ఆ సంగతి మీ క్రెడిట్ రిపోర్టులో కూడా ఉంది" అని నా దరఖాస్తు నాకే తిరిగిచ్చాడు.

నీ క్రెడిట్ స్కోరు ఎంతుందో చూసుకో. తొమ్మిది వందలకి ఏడు వందల యాభై వచ్చేదాకా నీతో మాట్లాడను. ఏమైనా చెప్పాలంటే రాయి.

ఇట్లు,
పై వాటా

తా.క.: అర్థమయ్యేలా రాయి. నీ షాపు బిల్లులు చూస్తే మా డాక్టరు గారి చీటీలే నయమనిపిస్తుంది.

*

వదిన గారికి మరిది నమస్కరించి రాయునది,

చూసుకున్నాను. అయిదు వందల ముప్ఫై ఎనిమిది. స్కూల్లో నాకెప్పుడైనా అన్ని మార్కులు వచ్చాయా చెప్పండి!

వదినా, ఆ అప్పు తీరలేదని మేనేజరు ఎలా అంటాడు? ఆ హోటలువాళ్ళు నలభై సోఫాలు చేయించుకుని డబ్బివ్వకుండా మూసేసి పోయాక, సగం కడితే చాలని బ్యాంకే కదా ఒప్పుకుంది? సెటిల్‌మెంట్ అని కాగితం కూడా ఇచ్చింది. దానికి ఫ్రేము కట్టించి షాపులో గోడకి తగిలించాను, వచ్చినవాళ్ళందరూ చూస్తున్నారు.

మీరేం దిగులు పెట్టుకోకండి. ఈ వారమే తొమ్మిది బ్యాంకుల్లో అప్పుకి దరఖాస్తు పెట్టాను. సోఫా కోసం తొమ్మిది షాపులు తిరిగినవాణ్ణి మేము జాగ్రత్తపరుడంటాం. బ్యాంకులవాళ్ళూ అలాగే అనుకుంటారు.

మీ విధేయుడు,
కింది వాటా

తా.క.: పొద్దున మెట్ల మీద నన్ను చూసి "జరుగు" అన్నారు. అంటే మాట్లాడినట్టే కదా?

*

మరిదికి,

అది నీతో కాదు, నీ వెనకున్న పిల్లితో.

తొమ్మిది బ్యాంకులా! నీకు బుద్ధుందా? అడిగిన ప్రతిసారీ రిపోర్టులో పడుతుందయ్యా. ఒకే వారంలో తొమ్మిదిచోట్ల చెయ్యి చాపినవాణ్ణి చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? "వీడి కొంప మునిగింది" అనిపిస్తుంది.

ముందు ఆ ఫ్రేము దించు. సెటిల్‌మెంట్ అంటే నువ్వు బాకీ తీర్చావని కాదు, వాళ్ళు విసిగిపోయి వదిలేశారని. పరువు పోయిన కాగితాన్ని గోడకి తగిలించినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

నీ పాత క్రెడిట్ కార్డు మీద బాకీ ఉంది కదా, అది పూర్తిగా తీర్చు. ఇంకేమీ చేయకు.

ఇట్లు,
పై వాటా

తా.క.: ఆ పిల్లి జరిగింది. దానికున్న జ్ఞానం కూడా నీకు లేదు.

*

వదిన గారికి,

మీరు చెప్పినట్టే కార్డు బాకీ రూపాయితో సహా తీర్చాను. మా షాపు పుస్తకంలో బాకీ తీరగానే అడ్డంగా గీత కొట్టేస్తాం కదా, అలాగే ఆ కార్డు కూడా మూసేయించాను. పన్నెండేళ్ళ కార్డు! రెగ్జిన్ కోసే కత్తెరతో కసిగా నాలుగు ముక్కలు చేశాను. ప్రాణం హాయిగా ఉంది.

కానీ స్కోరు నాలుగు వందల తొంభై ఆరుకి దిగింది. వీళ్ళకి నా మీద ఏదో కక్ష ఉంది వదినా. బాకీ ఉంటే తప్పు, తీరిస్తే తప్పు!

మీ విధేయుడు,
కింది వాటా

తా.క.: మీ దరఖాస్తు తిప్పి పంపినందుకు ఆ మేనేజరు కుర్చీ కుషన్ రిపేరుకొస్తే ఒక స్ప్రింగు నిలబెట్టి కుట్టేద్దామనుకున్నాను. మీరు తిడతారని మానేశాను.

*

మరిదికి,

నిజంగా తిట్టేదాన్ని. బాగా కుట్టి, డబ్బులు తీసుకుని రా.

తీర్చమన్నాను గానీ మూసేయమన్నానా? పన్నెండేళ్ళపాటు నీ గురించి కాస్తో కూస్తో మంచి చెప్పింది ఆ కార్డు ఒక్కటే. దాని నోరే నొక్కేశావు.

సరే, అయిందేదో అయింది. కొంచెం డబ్బు డిపాజిట్ చేస్తే దాని మీద కొత్త కార్డు ఇస్తారు. నెలకి దారం, మేకులు మాత్రం దాంతో కొను. గడువుకి ముందే మొత్తం కట్టెయ్. అప్పు తీసుకుని చెప్పిన రోజుకి తిరిగిస్తావా లేదా, అదొక్కటే వాళ్ళు చూసేది. ఇందులో తొందర పనికిరాదు.

ఇట్లు,
పై వాటా

తా.క.: స్ప్రింగు ఆలోచన చదివి నవ్వలేదు. దగ్గొచ్చింది, అంతే.

*

వదిన గారికి,

కోప్పడకుండా చదవండి. కొత్త కార్డు వచ్చింది. దాన్ని చూస్తేనే నాకు చెమటలు. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదేమోనని, షాపులో నేను కూర్చునే సోఫా కుషన్‌లో పెట్టి కుట్టేశాను. నెలకోసారి విప్పడం, మేకులు కొనడం, మళ్ళీ కుట్టేయడం. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది.

మొన్న నేను గుడ్డ కొనడానికి వెళ్ళినప్పుడు మా పనివాడు ఆ సోఫా కాస్తా పళ్ళ డాక్టరుకి అమ్మేశాడు.

పరుగెత్తాను. ఆ సోఫా మీద ముగ్గురు పేషెంట్లు దవడలు పట్టుకుని కూర్చున్నారు. "అయ్యా, కాస్త లేస్తారా, మీ కింద నా పరువుంది" అన్నాను. డాక్టరు గారు బయటికొచ్చారు. ఏదో అబద్ధం చెబుదామనుకుని, నోటికి రాక ఉన్నదంతా చెప్పేశాను, అప్పుతో సహా. ఆయన లోపలికెళ్ళి తన కత్తెరే తెచ్చిచ్చారు.

కార్డు దొరికింది. బిల్లు గడువుకి ఒక రోజు ముందే కట్టాను. స్కోరు ఇప్పుడు అయిదు వందల డెబ్భై. నూట ఎనభై మార్కులకోసం ఇంకా ఎన్నాళ్ళు వదినా? కనీసం సగం మాట్లాడొచ్చు కదా?

మీ విధేయుడు,
కింది వాటా

తా.క.: కుషన్ మళ్ళీ కుట్టిచ్చినందుకు ఆయన నా పన్ను ఒకటి ఉచితంగా చూశారు. పీకాలట. దానికి స్కోరు అడగలేదు.

*

మరిదికి,

మార్కులు మార్కులని ఇంకెన్నాళ్ళంటావయ్యా! నా కోపం డబ్బు మీదనుకుంటున్నావా?

బాకీ వసూలుకి మనుషులొచ్చిన రోజు గుర్తుందా? నువ్వు మన ఇంటి కిందే ఉన్న నీ షాపు లోపల స్పాంజి దిమ్మల వెనక దాక్కున్నావు. వాళ్ళు పైకొచ్చి నా తలుపు కొట్టారు. మీ అన్నయ్య ఊళ్ళో లేరు. వీధంతా వింటుండగా వాళ్ళు అడిగినదానికల్లా నేనే జవాబు చెప్పుకున్నాను. నువ్వు ఒక్కసారి బయటికొచ్చి నా పక్కన నిలబడి ఉంటే చాలు, ఆ అప్పు నేనే కట్టేదాన్ని, గాజులు అమ్మైనా సరే. నువ్వు రాలేదు. అదీ నా బాధ. ఇన్నాళ్ళూ నోటితో చెప్పలేక నంబరు అడ్డం పెట్టుకున్నాను.

పై వాటా

తా.క.: ఈసారి తా.క. లేదు.

*

వదిన గారికి,

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. క్షమించమని ఊరికే రాసేస్తే మళ్ళీ దిమ్మల వెనక దాక్కున్నట్టే అనిపించింది.

ఆ రోజు మీ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. ప్రతి మాటా వినిపించింది. భయపడ్డాను వదినా. అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు. తప్పు నాది.

మీ ఉత్తరం చదివిన మర్నాడే బ్యాంకుకి వెళ్ళి, మాఫీ చేసిన సగం కూడా కడతానన్నాను. కౌంటరులో అమ్మాయి, "మీరేం కట్టక్కర్లేదండీ, వదిలేశాం" అంది. "నేను వదల్లేదమ్మా" అన్నాను. పాపం, అలా కట్టడానికి ఏ ఫారం నింపాలో ఎవరికీ తెలియలేదు. నలుగురు ఆఫీసర్లు తలలు గోక్కున్నారు. పదిహేను నెలలు కట్టాను. ఇప్పుడు నా రిపోర్టులోనూ మీ రిపోర్టులోనూ సెటిల్‌మెంట్ అన్న మాట పోయింది, బాకీ పూర్తిగా తీరిందని ఉంది. మీరిక ల్యాబుకి దరఖాస్తు పెట్టుకోండి.

నా స్కోరు ఏడు వందల ముప్ఫై ఎనిమిది. పన్నెండు తక్కువ. మీరు మాట్లాడకపోయినా ఏమీ అనుకోను.

మీ మరిది

తా.క.: ఆ పన్ను పీకించేశాను. ఏడ్చింది దానికే అని అన్నయ్యతో చెప్పాను, నమ్మాడు.

*

చిరంజీవి మరిదికి వదిన ఆశీర్వదించి రాయునది,

ల్యాబుకి అప్పు మంజూరు చేస్తామన్నారు. కాకపోతే ఎవరో ఒకరు హామీ సంతకం పెట్టాలట. మా ల్యాబు డాక్టరు గారు తనంతట తనే పెడతానన్నారు. మీ అన్నయ్య కూడా పెన్ను తీశారు. వద్దన్నాను. ఆ గడిలో నీ పేరు రాశాను.

ఫారం దీంతోపాటే మీటరు డబ్బాలో ఉంది. రేపు పదింటికి బ్యాంకుకి నాతో నువ్వు రావాలి, నా పక్కన కూర్చోవాలి. అర్థం కానిది ఏమైనా ఉంటే ఇప్పుడే పైకొచ్చి అడుగు, నోటితోనే చెప్తాను. పన్నెండు మార్కులదేముంది, నేను వేశాననుకో.

ఇట్లు,
మీ వదిన

తా.క.: సంతకం పెట్టే ముందు మొత్తం చదువు. నీకు పెట్టినప్పుడు నేను ఒక్క ముక్క కూడా చదవలేదు.