తడవడానికే కట్టిన దుప్పట్లు

మా ఇంటి దీపమైన నీకు, సంతోషం పట్టలేక మీ ఆయన రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ నేనూ చిన్నదీ కులాసా. అక్కడ నువ్వూ, నీ మోకాలూ, పిల్లికూనలూ కులాసాగా ఉన్నారని నమ్ముతాను.

నీ ఉత్తరం అందింది. మందులు వేసుకుంటున్నాను. చిన్నది చిక్కిపోయిందా అన్నావు. చిక్కడం కాదే, బుగ్గలొచ్చాయి! మఫ్లరు చుట్టుకుంటున్నారా అన్నావు. చుట్టుకోకపోతే అది ఊరుకుంటుందా, నీ కూతురే కదా. ఇక చివర్న చీమల్లాంటి అక్షరాలతో రాశావు చూడు, "మనం బట్టలుతికి, ఇస్త్రీ చేసి బతికామని అది అక్కడివాళ్లకు చెప్పిందో దాచిందో కనిపెట్టండి. దాచి ఉంటే ఏమీ అనకండి, పిల్ల చిన్నబోతుంది" అని. దానికి జవాబు ఉంది. కానీ చెప్పాలంటే ముందు వాన కురవాలి.

నిన్న పొద్దుట్నుంచీ ఒకటే వాన. చిన్నది చేసే ఉద్యోగం తెలుసుగా, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను బస్సులో తిప్పుతూ మైకులో అన్నీ వివరించడం. ఇంకా పర్మినెంటు కాలేదు. "గదిలో గోడలు చూస్తూ ఏం చేస్తావు నాన్నా, నా బస్సెక్కు" అని లాక్కుపోయింది. నాకోసం ముందు సీటు ఉంచింది. నేనే వెళ్లి ఆఖరి సీట్లో కూర్చున్నాను.

అబ్బబ్బ, ఏం ఊరే అది! అద్దాల మేడలన్నీ అప్పుడే తలకు పోసుకుని నిలబడ్డట్టున్నాయి. గడియారం స్తంభం మెడకు మబ్బు చుట్టుకుంది, అచ్చం నా మఫ్లరులాగే. పెద్ద వంతెన మీద పోతుంటే నది ఎక్కడో వాన ఎక్కడో తెలియలేదు. కిటికీలోంచి నోరు తెరుచుకుని చూస్తుంటే, పక్కనున్న ముసలామె "మూసుకోండి, నిండిపోతుంది" అని వేళాకోళం చేసింది. మన జన్మంతా వాన మనకు పగవాడు కదే! మబ్బు పడితే నువ్వో తాడు దగ్గరికి, నేనో తాడు దగ్గరికి పరుగు. ఆరేసిన బట్టలు లేని వానను చూడడం నిన్ననే మొదలు. ఇంత అందంగా ఉంటుందని ఎవరు చెప్పారు మనకు!

మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. చిన్నది అందరినీ ఒక మ్యూజియంలోకి తీసుకెళ్లింది. కాళ్లు లాగుతుంటే నేనూ, బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామే వరండాలో ఆగిపోయాం. ఎదురుగా ఆరుబయట తాళ్ల నిండా తెల్ల దుప్పట్లు. ఇంతలో మళ్లీ టపటపా చినుకులు! ఇంకేముంది, ఒంటి మీద స్పృహ ఉంటేగా? ఒక్క పరుగున వెళ్లి లాగి, మడిచి, భుజాన వేసుకోవడం మొదలుపెట్టాను. ఆ ముసలామె కూడా "అయ్యో, తడిసిపోతున్నాయి" అంటూ రెండో అంచు పట్టుకుంది.

కాపలా ఆయన ఈల ఊదుకుంటూ వచ్చాడు. "ఏయ్ పెద్దాయనా! ఏం చేస్తున్నావు?"

"కనబడటం లేదా బాబూ, తడుస్తున్నాయి!"

"తడవడానికే కట్టారు! అది కళ! పేరున్న కళాకారిణి కట్టింది!"

"కళ అయితే మాత్రం ముక్కిపోదా?"

ఆయన తల పట్టుకున్నాడు. "ఎవరితో వచ్చావయ్యా నువ్వు?"

నేను నోరు విప్పేలోగా చిన్నది పరుగెత్తుకొచ్చింది, వెనకే బస్సు జనమంతా. "ఈయన మా నాన్న" అంది, మైకు లేకుండానే అంత గట్టిగా. "మాకు లాండ్రీ ఉండేది. అమ్మా నాన్నా ఉతికి ఆరేసిన బట్టలతోనే నేను చదువుకున్నాను. వాన పడితే ఈయన్ని ఆపడం ఎవరి తరం కాదండీ." అందరూ నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదే, మనవాళ్లు నవ్వినట్టు.

దుప్పట్లు మళ్లీ కట్టాం. అంచులు కలిపి కడుతుంటే కాపలా ఆయన "వంకరగా! వంకరగా ఉండాలి!" అని కేకలు. చేతులు ఒప్పుకోకపోయినా ఆయన కోసం వంకరగానే కట్టాను. చిన్నప్పటిలాగే రెండో కొస చిన్నది పట్టుకుంది. ఆఫీసువాళ్లు దానికి చీవాట్లు పెట్టారు గానీ, ఉద్యోగానికి ఢోకా లేదులే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. నీ దగ్గర దాచలేను. నోరు విప్పేలోగా అని పైన రాశానే, అది అబద్ధం. నేను నోరు విప్పాను. "ఎవరితోనూ రాలేదు, ఒక్కణ్నే వచ్చాను" అన్నాను. చిన్నది అప్పటికే నా వెనక నిలబడి ఉంది.

తిరుగు బస్సులో మైకు పక్కన పెట్టి, ఆఖరి సీటు దాకా వచ్చింది. "ఒక్కణ్నే అన్నావెందుకు నాన్నా?"

"నీ ఉద్యోగం పోతుందేమోనని."

"అంతేనా?"

నేను మఫ్లరు కొసను మడతలు పెట్టడం మొదలుపెట్టాను.

"చేరిన మొదటి రోజే అందరికీ చెప్పాను, మా అమ్మా నాన్నల లాండ్రీ గురించి" అంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టింది.

అదీ నీ ప్రశ్నకు జవాబు. దాచింది అది కాదే, నేను. కళ్లు తుడుచుకుని సంచీ సర్దుకో. ఎండలు వచ్చేదాకా ఆగకు, ఈ వానల్లోనే వచ్చెయ్.

ఇట్లు,
అందరి ముందూ అది చెప్పినట్టే,
చిన్నదాని నాన్న