ఇత్తడి బిందె మీద నీ పేరు

ఏమే నారాయణమ్మా,

ఈ ఇంట్లో నాకు తుమ్ముకునే సుఖం కూడా లేకుండా పోయింది. నేనొకసారి తుమ్మితే గోడలు ఇంకోసారి తుమ్ముతున్నాయి. నువ్వు పోయి రేపటికి ఏడాది. అటక మీద నువ్వు దాచిన ఇత్తడి సామానంతా పోయిన వారం పంచిపెట్టాను.

"అంతా ఇచ్చేస్తే అత్త పేరు ఈడ ఎట్లుంటాది మామా?" అని ఊరి నుంచి వచ్చిన కోడలు అడ్డం పడింది. నాకూ అదే భయం. దొంగలొచ్చి చదివి వెనక్కి పోతారన్నట్టు, ప్రతి గిన్నె మీదా పేరు కొట్టించుకున్నావు కదా!

ఈరోజు మన పెనుకొండ వీధిలో నడుస్తుంటే ఒకింట్లో నుంచి, "నారాయణమ్మను పొయ్యి మీద పెట్టే!" అని వినపడింది. ఇంకో ఇంట్లో, "నారాయణమ్మలో మజ్జిగుండాదా?" వీధి మధ్యలోనే నిలబడిపోయాను. అటకెక్కి మూలుగుతున్నదానివి, వీధంతా వంట చేస్తున్నావే!

ఇంటికొచ్చి ఒట్టి నేల మీద కూర్చున్నాను. ఒక చాప, ఒక చెంబు, నేను. మనిల్లు ఇంత పెద్దదని ఇన్నేళ్లూ నాకు తెలియనే తెలియదు.

ఒకటి చెప్పాలి. పెద్ద బిందె నీ తోటికోడలు గంగులమ్మకే ఇచ్చాను. పొయ్యిలు వేరైన నాటి నుంచి నీతో మాటలేదు కదా, "బావా, దీని మీద ఆయమ్మ పేరుంటే నాకొద్దు" అంది. పాపం, చదువు రాదు.

"నారాయణ అనుండాది, దేవుని పేరమ్మా" అన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే దానికి మొక్కి, కళ్లకద్దుకుని నీళ్లకు పోతోంది.

నేను చెప్పింది అబద్ధం కాదు. చివర్లో "మ్మ" ఒక్కటే మింగాను.