మూడో వ్యక్తి సమ్మతి

మార్చి 4

అమ్మకి స్నానం చేయించి ఇప్పుడే కూర్చున్నాను. నడుము నడుములా లేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌లోకి, మళ్ళీ వెనక్కి. అమ్మ ఏం బరువు, పిట్టలా ఉంది అంటారందరూ. అనేవాళ్ళు ఒక్కసారి ఎత్తి చూడాలి.

పొద్దుటిపూట అమ్మకి స్నానం చేయించడానికి హెల్పర్‌ని పంపమని సిటీ కౌన్సిల్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి ఎన్నాళ్ళయిందో. మనిషీ లేదు, కబురూ లేదు. నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే, బ్లడ్ టెస్టుల ల్యాబ్‌లో నా ఉద్యోగం ఈ నెలాఖరు దాకానే ఉంచుతానని సూపర్‌వైజర్ చెప్పేసింది. మంచిదే ఆవిడ. ఎన్నాళ్ళని ఆగుతుంది?

మార్చి 6

కౌన్సిల్‌కి వెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ చూసి, మీ అప్లికేషన్ క్యాన్సిల్ అయిపోయిందండీ అంది. ఎవరు చేశారంటే చెప్పకూడదట. నా ఫైల్ నాకు చూపించడానికి మీకేం నొప్పి అన్నాను. దానికి వేరే ఫారం ఉందంది. నింపి పడేశాను.

మార్చి 7

నడుము. అంతే.

మార్చి 15

ఫైల్ కాపీ వచ్చింది. నా పేరు, నా ఫోన్ నంబర్, నేను వెళ్ళబోసుకున్న గోడంతా నీట్‌గా టైప్ చేసి ఉంది. చివరి పేజీలో, ఫలానా వారు ఫోన్ చేసి హెల్పర్ అక్కర్లేదన్నారని ఉంది. ఆ ఫలానా మీద నల్లరంగు పూసేశారు. మూడో వ్యక్తి వివరాలకి రక్షణ ఉంటుందట. కావాలంటే వారి సమ్మతి అడిగి చూస్తారట.

ఆ మూడో వ్యక్తికి ఉన్న రక్షణ నా నడుముకి లేదు.

అడగండి అని రాసిచ్చాను. అయినా నాకు తెలియనిదేముంది? వదినే. అన్నయ్యతో చుట్టపుచూపుగా వచ్చి నాలుగు పళ్ళు పెట్టిపోయే మనిషి, పరాయివాళ్ళ చేత నీళ్ళు పోయిస్తే నలుగురూ ఏమనుకుంటారని మొన్న కూడా అంది.

అదే రోజు, సాయంత్రం

వదినకి ఫోన్ చేసి కడిగేశాను. తను కాదని ఒట్టేసింది, ఏడ్చింది. దొంగేడుపులు ఆపమన్నాను. అన్నయ్య ఫోన్ లాక్కుని, ఇక మా గడప తొక్కకు అన్నాడు. తొక్కే తీరికెక్కడిది నాకు?

అమ్మ అంతా వింటూనే ఉంది. కాసిని మంచినీళ్ళిమ్మంది.

మార్చి 22

అమ్మ పేరు మీద కౌన్సిల్ కవరొచ్చింది. అమ్మకి చూపు ఆనదు, ఏ కాగితమైనా నేనే చదివి వినిపిస్తాను. పెన్షన్‌దేమో అనుకుని పక్కన కూర్చుని మొదలుపెట్టాను. హెల్పర్ అక్కర్లేదని మీరు ఫోన్‌లో చెప్పిన విషయమై ఒక దరఖాస్తుదారు సమాచారం కోరుతున్నారు, మీ పేరు వారికి చెప్పడం మీకు సమ్మతమేనా, అని ఉంది.

చివరిదాకా చదివేశాను. మధ్యలో ఆగడం చేతకాలేదు. దరఖాస్తుదారు పేరు రాయలేదు పాపం. నాకూ రక్షణ ఉంది.

కాగితం మడిచి కవర్లో పెట్టాను. తర్వాత అమ్మే చెప్పింది. నేను బజారుకి వెళ్ళినప్పుడు ఇంటి ఫోన్‌లో రీడయల్ నొక్కి చేసిందట. పుట్టినతేదీ అడిగారట, ఇంటి నంబర్ అడిగారట, అంతే, పని అయిపోయిందట. ముక్కూమొహం తెలియని మనిషి ముందు బట్టలు విప్పలేనంది. హెల్పర్ వస్తే నువ్వు ల్యాబ్‌కి పోతావు, పొద్దస్తమానం ఈ గోడలు చూస్తూ పడుండాలా అంది.

కోపం వచ్చింది. బాగా వచ్చింది. వదినని అన్నేసి మాటలంటుంటే నోరు మెదపలేదేమ్మా అంటే, నన్నూ అలాగే తిడతావని భయమేసిందే అంది.

ఏమని రాయమంటావు అన్నాను. వద్దని రాయి అంది. రాశాను. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టుకుని చూపించాను.

మార్చి 23

వదినకి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేయను?

మార్చి 24

చేశాను. ఎత్తలేదు.

మార్చి 29

కౌన్సిల్ నుంచి నాకు జవాబు. మూడో వ్యక్తి సమ్మతించలేదు కనుక పేరు వెల్లడించలేమట, చింతిస్తున్నారట. అమ్మకి చదివి వినిపించాను. నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, నవ్వితే నడుము పట్టేసింది. పొద్దున స్నానం చేయిస్తుంటే ఇద్దరం కింద పడబోయాం. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

సూపర్‌వైజర్ మెసేజ్: సోమవారం వస్తున్నట్టా, లేనట్టా?

మార్చి 30

మధ్యాహ్నం అమ్మకి కునుకు పట్టాక బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కౌన్సిల్‌కి ఫోన్ చేసి, గొంతు కాస్త అమ్మలా వణికించి మాట్లాడాను. పుట్టినతేదీ అడిగారు. అమ్మది చెప్పాను. మీ ఇష్టంతోనే చెబుతున్నారా అమ్మా అంది ఆ అమ్మాయి. అవునమ్మా అన్నాను.

సోమవారం పొద్దున హెల్పర్ వస్తుంది. అమ్మకి చెప్పలేదు.