డిక్కీలో వినపడని మోత

జనవరి 19, సోమవారం

శ్రీకాంత్ ఎర్ర కారు మళ్లీ మా షెడ్డుకొచ్చింది. రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. అట్టపెట్టెల ఫ్యాక్టరీ నడుపుకునే మనిషికి ఈ రేసు పిచ్చేమిటో! ట్రాక్ మీద తిప్పుకొస్తాడు, కొత్త శబ్దాలు మోసుకొస్తాడు. ఈసారి రెండు. గుంతలో పడితే ముందు నుంచి టక్ టక్. వేగం పెరిగితే వెనక నుంచి సన్నగా ఊళ.

"యాదన్నా, ఆదివారం మళ్ల ట్రాక్ ఉంది. జెర జల్దీ సూడు."

మా ఆయన మీసం దువ్వుకున్నాడు. పటాన్‌చెరులో ఏ మెకానిక్కుకూ అంతుపట్టని శబ్దం చివరికి యాదగిరి చెవి దగ్గరికే రావాలి. ఆ గర్వం నాకూ ఉంది. లేదంటే అబద్ధం.

జనవరి 20, మంగళవారం

టక్ టక్ దొరికింది. నేను కారు ఊపుతుంటే ఆయన కిందికి దూరి ఒక్కో కీలు మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. ముందు ఎడమ పక్క లింకు రాడ్డు వదులైంది. "ఇగో, దొరికిండు దొంగ!" మార్చేశాం. ఊళ సంగతి గురువారం.

జనవరి 22, గురువారం

ఊళకు మా పాత పద్ధతే. నేను నడుపుతాను, ఆయన డిక్కీలో పడుకుని వింటాడు. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఈ కారు డిక్కీ మరీ ఇరుకు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నాడు పాపం.

బొంతపల్లి రోడ్డు. ఖాళీ చూసి వేగం పెంచాను. మొదలైంది ఊళ... ముందు సీట్లో నా చెవికే స్పష్టంగా. ఆపి డిక్కీ తెరిచాను.

"ఏందయ్యా, ఎట్లుంది?"

"ఏముంది? ట్రాక్ టైర్లు గిట్లనే మోగుతయి. గదే."

టైర్ల మోతైతే రోడ్డు మారినప్పుడు మారాలి. సిమెంటు మీదా తారు మీదా ఒకటే ఊళ. స్టీరింగ్ ఎడమకు తిప్పితే పెరిగింది, కుడికి తిప్పితే తగ్గింది. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అంటే కుడి వెనక చక్రం బేరింగ్. ఈ లెక్క నాకు నేర్పిందే ఆయన!

చెప్పబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. బద్ధకించి అన్న మాట కాదు. నిజంగానే వినపడలేదు.

జనవరి 23, శుక్రవారం

పొద్దున కుక్కర్ పక్కనే నిలబడి, "ఇంకా కూత పెట్టలేదా?" అన్నాడు. పెట్టి చాలాసేపైంది. గిన్నెలు ఎత్తి పడేశాను. కోపం... ఎవరి మీదో తెలియదు.

మధ్యాహ్నం శ్రీకాంత్ ఫోన్. నేను అందుకునేలోపే ఆయన అనేశాడు — "టైర్ల మోతనే తమ్మీ, పరేషాన్ గాకు. రేపొచ్చి తీస్కపో."

ఆ వేగంలో మలుపు మీద బేరింగ్ పట్టేస్తే ఆ మనిషి బతుకుతాడా?

మా షెడ్డులో మొదటి నుంచీ ఒకటే కట్టుబాటు. డిక్కీలో పడుకున్నవాళ్లదే మాట, బండి తెచ్చిన గిరాకీ ముందు రెండోవాళ్లు నోరు విప్పరు. నేను కాదంటే ఈయన ఇంకెప్పుడూ ఆ డిక్కీ ఎక్కడు. ఊరుకుంటే శ్రీకాంత్... ఛీ, ఏం రాత ఇది.

జనవరి 24, శనివారం

నోటితో కాదనలేదు. కారు వెనక జాకీ పెట్టి లేపాను.

"ఇటు రా. స్ప్రింగు మీద చెయ్యి పెట్టు."

"ఎందుకే?"

"పెట్టయ్యా, జెరసేపు! అరిగిపోతవా?"

పెట్టాడు. చక్రం చేత్తో తిప్పాను. బేరింగ్ చెడితే ఆ గరగర స్ప్రింగులోకి ఎక్కుతుంది, చేతికి తెలుస్తుంది. ఆయన ముఖం మారిపోయింది. మళ్లీ తిప్పమన్నాడు. ఇంకోసారి. కళ్లు మూసుకున్నాడు.

"బేరింగ్ పోయింది." చెయ్యి తీసి — "మొన్న నీకు వినపడ్డదా, నాగమణీ?"

తలూపాను.

"గట్టిగనా?"

"...ఆ."

అక్కడే నేల మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుందామనిపించింది. కూర్చోవాల్సింది. టీ తెస్తానని లేచి వెళ్లాను.

శ్రీకాంత్ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే — "బండి ఇస్తలేను తమ్మీ. బేరింగ్ పోయింది. నాకు దొరకలే, మీ వదినకు దొరికింది."

శ్రీకాంత్ ముఖం మాడిపోయింది, ఆదివారం పోయిందిగా మరి. చివరికి "నువ్వొద్దంటే వద్దన్నా" అని ఆటో ఎక్కాడు.

జనవరి 25, ఆదివారం

రోజంతా టీవీ ముందే ఆయన, చప్పుడు వీధంతా వినపడేలా.

జనవరి 27, మంగళవారం

కొత్త బేరింగ్ వేశాం. నడిపి చూశాను, ఊళ లేదు. ఆయన షెడ్డులోనే ఉండిపోయాడు. శ్రీకాంత్ సంతోషంగా కారు తీసుకెళ్లాడు.

అన్నం పెట్టేటప్పుడు అడిగేశాను — సంగారెడ్డిలో చెవుల డాక్టరు దగ్గరికి పోదామా అని. తిడతాడనుకున్నాను.

"చెవుల మిషిన్ పెట్టుకుంటే గిరాకీ ఏమంటది?"

"కండ్లద్దాలు పెట్టుకుంటలేవా? ఎవడేమన్నడు?"

"అది వేరే. నా బువ్వ చెవులనే ఉన్నది."

కూర వడ్డించాను.

జనవరి 28, బుధవారం

సంగారెడ్డి పోయొచ్చాం. కాగితం రేపు ఇస్తారట.

చిన్న అద్దాల గది. లోపల ఆయన, చెవులకు హెడ్‌ఫోన్లు. బయట మిషన్ ముందు ఓ అమ్మాయి, పక్కన నేను. "శబ్దం వినపడితే చెయ్యెత్తండి అంకుల్." మొదట్లో టకటకా ఎత్తాడు, బడిపిల్లాడిలా. హమ్మయ్య అనుకున్నాను. శబ్దం సన్నబడుతున్నకొద్దీ ఆలస్యం. తర్వాత ఎత్తనే లేదు. ఆ అమ్మాయి బటన్ నొక్కుతోంది... నొక్కుతోంది...

తలెత్తి చూశాడు. ఆ అమ్మాయి వైపు కాదు, అద్దంలోంచి నా వైపు. చెయ్యి తొడ మీద నుంచి సగం లేచి ఆగింది. శబ్దం వచ్చిందా లేదా, ఎత్తాలా వద్దా అని నా ముఖంలో వెతుకుతున్నాడు.