మీ వంతు బియ్యం

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మాయాబందర్‌లో వారంగా ముసురు, దీవికి సరుకుల షిప్ రాలేదు. బర్మా నుంచి పడవలో పారిపోయి వచ్చిన మూడు కుటుంబాలు మన చర్చి హాల్లో ఉంటున్నాయి. నిన్న వాళ్ల బియ్యం అయిపోయాయి.

"దేవుడే చూసుకుంటాడమ్మా" అన్నారు పాస్టరుగారు. నాకు ఒళ్లు మండింది. మిమ్మల్ని చూసుకున్నాడా?

ఇంటికొచ్చి మంచం కింద డ్రమ్ము బయటికి లాగాను. వండే ముందు దేవుడి పేరున తీసే పిడికెడు బియ్యం ప్రతి ఆదివారం చర్చికి ఇచ్చేస్తూనే ఉన్నాను. కానీ నా చెయ్యి ఇంకా ఇద్దరికే కొలుస్తోంది. మీ వంతు వెనక్కి తీసి, బస్తాలో కలపబుద్ధి కాక, ఈ డ్రమ్ములో పోస్తూ వచ్చాను. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు.

డ్రమ్ము హాలుకి చేర్చాను. అక్కడ వంట చేసే సుగుణ అది చూసి, "దీదీ, అకేలీ, ఒక్కదానివే ఉంటావు, ఇంత చావల్ ఎక్కడిది?" అంది.

"మా ఆయనది" అన్నాను.

ఇవాళ పొద్దున కూడా ఇద్దరికే కొలిచాను. ఈసారి వెనక్కి తీయలేదు. దేవుడి మీద కోపం పోలేదు కానీ, ఆయన పిడికెడు ఆయనకు తీశాను. నా అన్నంతో పాటు మీ అన్నం కూడా గిన్నెలో సర్దుకుని హాలుకి వెళ్తున్నాను. ఏడాది తర్వాత ఎవరి పక్కనైనా కూర్చుని తినాలని ఉంది.