నలుగురి లీగు

హాలిఫాక్స్
12 జూన్ 2022

ప్రియమైన రిషితమ్మకు,

నువ్వు విండ్సర్ వెళ్లి ఆరు వారాలైంది. ఫోన్ చేస్తే నాకు వినబడదు. మెసేజ్ పెడితే రెండు ముక్కలతో అయిపోతుంది. ఉత్తరం రాయమని బస్సు దగ్గర చెప్పాను, నువ్వు రాయలేదు. అందుకని నేనే మొదలుపెడుతున్నాను.

నీ గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఈ ఏడాది ఎంతమంది పిల్లలు దిగుతున్నారో, చర్చిలో వారానికి ముగ్గురైనా గది ఉందా అని అడుగుతున్నారు. ఇస్తాను, ఇంకొన్నాళ్లు పోనీ.

బేస్‌బాల్ కబుర్లు కావాలి కదా నీకు. మన నరసాపురం లేస్ జట్టు మళ్లీ ఆఖరున ఉంది. త్యాగరాజు గారి ఎక్స్‌రేస్ అందరికంటే పైన. ఆ తరువాత మోరీన్ జట్టు, లియోనా జట్టు. కోవిడ్ మూలంగా నువ్వు వాళ్లెవరినీ చూడలేదు గానీ, వాళ్ల స్కోరు పుస్తకాలన్నీ తిరగేశావు. ఒకే ఆసుపత్రిలో ఒకరు హెడ్ నర్సు, ఒకరు వంటగది, ఒకరు ఎక్స్‌రే, నేను వార్డు నర్సు. 1994లో టీ తాగుతూ మొదలుపెట్టిన లీగు ఇది. మోరీన్ దగ్గరున్న షార్ట్‌స్టాప్ ఆటగాణ్ని, ఆ మెరుపులా బంతి ఆపేవాణ్ని, నాకిమ్మంటే ఇవ్వదు. మహా పంతం మనిషి.

వేళకి తింటున్నావా? రాయి.

ప్రేమతో,
బాలకుమారి ఆంటీ

*

విండ్సర్
3 జూలై 2022

ప్రియమైన ఆంటీకి,

ఆలస్యానికి క్షమించండి. ఉత్తరం రాయడం రాక కాదు, రాయడానికి ఏముందో తెలియక.

ఇంట్లో ఐదుగురం ఉంటాం. ఒకరి షిఫ్ట్ ఇంకొకరికి కలవదు. ఫ్రిజ్‌లో డబ్బాల మీద పేర్లు చూసి ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో తెలుసుకుంటాను. కాలేజీకి ఒక బస్సు, కాఫీ షాపు పనికి రెండు బస్సులు. ఇక్కడ కారు లేకపోతే మనిషి కింద లెక్కే కాదు. అమ్మ రోజూ వీడియో కాల్‌లో “మంచిగున్నవా బిడ్డా” అంటుంది. మంచిగనే ఉన్న అంటాను. ఆ తరువాత ఇద్దరం సిద్దిపేట ఎండల గురించి మాట్లాడుకుంటాం.

కాఫీ షాపులో నాతో పనిచేసే వర్షిణికి మన లీగు గురించి చెప్పాను. “నువ్వు బేస్‌బాల్ ఆడతావా” అంది. ఆడేది మనం కాదు, పెద్ద లీగులో నిజంగా ఆడే వాళ్ల పేర్లను వసంతంలో వంతులేసుకుని పంచుకుంటాం అన్నాను. ఆ తరువాత వాళ్లు ఏ ఊళ్లో ఎవరి కోసం ఆడినా, కొట్టిన పరుగులు మన జట్టువే. “మరి వాళ్లకు తెలుసా?” అని అడిగింది. మనం ఉన్నామనే వాళ్లకు తెలియదు అన్నాను. ఆమె నవ్వింది. నాకు మాత్రం ఎందుకో నవ్వు రాలేదు.

నది ఒడ్డుకు వెళ్తే అవతల డెట్రాయిట్ కనిపిస్తుంది. అక్కడి స్టేడియంలో మన ఆటగాళ్లే ఆడుతుంటారు. అది అమెరికా, నాకు ఆ వీసా లేదు కాబట్టి ఇటువైపు బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో స్కోరు చూసుకుంటాను.

మీ నలుగురిలా ఒక ఊళ్లో ఇరవై ఎనిమిదేళ్లు కలిసి ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉంటాను.

మీ
రిషిత

*

హాలిఫాక్స్
1 ఆగస్టు 2022

రిషితమ్మకు ముద్దులతో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకొక పని చెబుతాను, కాదనకు.

ప్రతి అక్టోబరు రెండో శనివారం మేము సన్మానం చేస్తాం. మా జట్లకు ఐదేళ్లు, అంతకు పైన ఆడి, ఆట మానేసిన వాళ్లకన్నమాట. ఎవరి ఆటగాడి గురించి వాళ్లు నాలుగు మాటలు రాసుకొచ్చి చదవాలి. ఆ కార్డు మీద అందరం సంతకాలు పెట్టి అతనికి పోస్టు చేస్తాం. ఇన్నేళ్లలో ఇద్దరు తిరిగి జవాబు రాశారు.

ఈసారి రామోన్ ఎస్కివెల్ వంతు. బంతి విసరడంలో అంతటివాడు మా లీగులో ఇంకొకడు లేడు. పదమూడేళ్లు త్యాగరాజు గారి జట్టుకే ఆడాడు. 2014లో భుజం దెబ్బతిని ఏడాదంతా ఆడకపోతే, వదిలేసి ఇంకొకణ్ని తీసుకోమని అందరం చెప్పాం. “రోజూ భుజాలు చూసే మనిషిని నేను. ఇది అతుక్కుంటుంది” అన్నారు త్యాగరాజు గారు. అతుక్కుంది. మరుసటి ఏడాది ఎక్స్‌రేస్ గెలిచింది.

త్యాగరాజు గారు ఇప్పుడు రాసే స్థితిలో లేరు. ఆయన తరఫున ఆ నాలుగు మాటలూ నువ్వు రాస్తావా?

ప్రేమతో,
ఆంటీ

*

విండ్సర్
24 ఆగస్టు 2022

ప్రియమైన ఆంటీ,

పది రోజులు తంటాలు పడ్డాను. ఎస్కివెల్ పాత ఆటలన్నీ బస్సుల్లో చూశాను. చివరికి కింద రాసినంతే మిగిలింది. ఇంగ్లిష్‌లోకి మీరే మార్చండి.

“రామోన్ ఎస్కివెల్ గారికి. మీరు పదమూడేళ్లు మా ఎక్స్‌రేస్ జట్టుకు ఆడారు. ఆ సంగతి మీకు తెలియదు. ఒక ఏడాదంతా మీరు బంతి ముట్టుకోలేదు. ఆ ఏడాది కూడా మీ పేరు మా పుస్తకంలోనే ఉంది. మీరు గెలిచిన రోజున, ఓడిన రోజున కూడా, సముద్రం పక్కన ఒక చలి ఊళ్లో ఒక పెద్దాయన పేపరు తెరిచి ముందు మీ పేరే వెతికాడు. మీ భుజానికి ఇక విశ్రాంతి ఇవ్వండి. మా దగ్గర మీ చోటు మీదే.”

బాగా లేకపోతే చెప్పండి, మళ్లీ రాస్తాను. త్యాగరాజు గారికి తప్పకుండా చూపించండి.

మీ
రిషిత

*

హాలిఫాక్స్
8 సెప్టెంబరు 2022

రిషితమ్మా,

చదివి ఏడ్చాను. త్యాగరాజు గారికి చాలా నచ్చింది. ఈ అమ్మాయి ఎవరో గానీ మనసున్న పిల్ల అన్నారు.

మోకాలు సలుపుతోంది, ఎక్కువ రాయలేను.

ఆంటీ

*

విండ్సర్
19 సెప్టెంబరు 2022

ప్రియమైన ఆంటీ,

త్యాగరాజు గారి మాట చదివినప్పటినుంచి నేను మామూలుగా లేను. ఈ ఊరొచ్చాక నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. అది కూడా నన్ను చూడని మనిషి.

ఆయనకు ఒక ఉత్తరం రాశాను. అంటించిన కవరు ఇందులోనే పెడుతున్నాను, దయచేసి ఇవ్వండి. అమ్మకు చెప్పలేనివి, మీకు చెబితే మీరు బెంగ పెట్టుకునేవి అందులో అడిగాను. ఆయన ఏం చెబితే అది చేద్దామనుకుంటున్నాను.

ఇంకొక మాట. అక్టోబరులో ఇక్కడి థాంక్స్‌గివింగ్ పండుగకు నాకు సెలవు దొరికింది. అక్టోబరు ఎనిమిది సన్మానానికి నేనూ రావచ్చా? మీ నలుగురినీ ఒకేచోట చూడాలని ఉంది. మూల కూర్చుంటాను.

మీ
రిషిత

*

విండ్సర్
16 అక్టోబరు 2022

ఆంటీకి,

మీ దగ్గర తుఫానుకు చెట్లు కూలాయని, కరెంటు పోయిందని వార్తల్లో చూశాను. అందుకే జవాబు రాలేదేమోనని ఆగాను. మెసేజ్ పెట్టాను. బాగానే ఉన్నానని మాత్రం రాశారు.

సన్మానం రోజు గడిచిపోయింది. రమ్మని మీరు అనలేదు. నేను లీగు మనిషిని కాను, అది మీ స్నేహితుల పండుగ. అర్థం చేసుకోగలను. త్యాగరాజు గారిని ఇబ్బంది పెట్టి ఉంటే క్షమించమనండి. ఇక రాయను.

రిషిత

*

హాలిఫాక్స్
30 అక్టోబరు 2022

నా తల్లి రిషితకు,

కరెంటు నాలుగు రోజుల్లో వచ్చింది. నేను రాయకపోవడానికి తుఫాను కారణం కాదు.

నువ్వు త్యాగరాజు గారికి రాసిన కవరు తిరిగి పంపుతున్నాను. విప్పలేదు. ఆయన 2020 జనవరిలో పోయారు. ఆయన భార్య అన్నపూర్ణ గారు వాంకూవర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. లియోనా 2018లో పోయింది. మోరీన్ అందరికంటే ముందు, 2016లో.

మోరీన్ పోయింది ఏప్రిల్‌లో. అప్పుడే సీజను మొదలైంది. మధ్యలో జట్టుని వదిలేయడం బాగుండదని అక్టోబరు దాకా నేనే చూశాను. అక్టోబరు వచ్చాక ఇంకొక ఏడాది చూద్దాం అనుకున్నాను. లియోనా పోయినప్పుడు ఆమెదీ అంతే. త్యాగరాజు గారిది కూడా నా చేతికి వచ్చేసరికి నాలుగు జట్లకూ నేనొక్కదాన్నే అయ్యాను. పంచుకునేటప్పుడు మంచి ఆటగాళ్లని నాకోసం తీసుకోవడానికి చెయ్యి వచ్చేది కాదు. వాళ్లు చూడటం లేదు కదా అని తీసుకుంటే దొంగతనం లాగా ఉండేది. అందుకే నా జట్టు ఏటా ఆఖరున ఉంటుంది.

నువ్వు మా ఇంటికొచ్చిన వారంలో ఆ పుస్తకాలు చూసి “ఆంటీ, మీకు ఇంతమంది ఫ్రెండ్స్ ఉన్నారా” అన్నావు. అవునన్నాను. ఉన్నారు అన్న మాట నోటికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ తరువాత దిద్దుకోలేకపోయాను. నువ్వు వెళ్లాక ఉత్తరాల్లో వాళ్ల చేత మాట్లాడించాను కూడా. త్యాగరాజు గారు అన్నారని రాసిన ఆ మాట నాది. నీ కవరు నా చేతికొచ్చినప్పుడు మాత్రం భయం వేసింది. ఒక పిల్ల తన బతుకు గురించి అడుగుతోంది. పోయిన మనిషి పేరుతో నేను జవాబు రాస్తానా? రాయలేను. నిజం రాయడానికీ ధైర్యం చాలలేదు. నిన్ను నొప్పించాను.

ఎనిమిదో తారీకు మధ్యాహ్నం నేనొక్కదాన్నే సన్మానం చేశాను. బల్ల దగ్గర లేచి నిలబడి నీ మాటలు చదివాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు కదా. పక్కింటాయన పరుగున వచ్చి కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఏమైందని. కాగితం మీద రాసి అడిగాడు. “ఏమీ లేదు. ఒకాయన రిటైరయ్యాడు” అన్నాను.

ఆరేళ్లుగా ఆ కార్డుల మీద పోయినవాళ్ల సంతకాలు కూడా నేనే పెడుతున్నాను. ఈసారి పెట్టలేదు. చదివింది బాలకుమారి, రాసింది రిషిత అని రెండు పేర్లే రాసి పోస్టు చేశాను.

ఆ కవరులో ఏముందో నాకు చెప్పమని అడిగే హక్కు లేదు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఆంటీ

*

విండ్సర్
13 నవంబరు 2022

ప్రియమైన ఆంటీ,

మీ ఉత్తరం చదివి ముందు చాలా కోపం వచ్చింది. రెండు రోజులు దాని వైపు చూడలేదు. వేసవంతా నాకు ఎవరూ లేరని ఏడ్చుకుంటూ మీ నలుగురి మీద అసూయపడ్డాను. లేనివాళ్ల మీద. ఆ తరువాత ఇంకొక సంగతి తోచింది. నేను రోజూ అమ్మకు చెప్పేది కూడా అదే అబద్ధం.

కవరులో ఉన్నది చెబుతాను. చదువు మధ్యలో ఆపి ఇంటికి వెళ్లిపోతే తప్పా అని అడిగాను. పోయిన టర్మ్‌లో రెండు సబ్జెక్టులు తప్పాను. ఎవరికీ చెప్పలేదు. నిన్న అమ్మకు చెప్పాను. ఆమె “ఇన్నొద్దులు ఒక్కదానివే ఎట్ల మోసినవే” అంది. వెళ్లాలా, ఉండాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. జనవరి టర్మ్‌కు మాత్రం రిజిస్టర్ చేశాను.

ఆంటీ, మార్చిలో మీరు ఆ మూడు జట్లూ ఆపేయాలి. ఆటగాళ్లందరికీ సన్మానాలు చేశారు. మోరీన్ గారికి, లియోనా గారికి, త్యాగరాజు గారికి ఎవరూ చేయలేదు. వాళ్లు ఐదేళ్లకు పైనే ఆడారు కదా. వాళ్లను రిటైర్ కానివ్వండి. ఆ తరువాత లీగులో ఇద్దరమే ఉంటాం. ఆటగాళ్లను సరిగ్గా పంచుకుందాం. జాలిపడి నాకు మంచివాళ్లని వదిలారో, ఒప్పుకోను.

డిసెంబరు పదిహేడు, శనివారం వస్తున్నాను. నాలుగు రోజులు ఉంటాను. ఈసారి సన్మానం మాటలు నేను రాయలేను, ఆ ముగ్గురినీ నేను చూడలేదు. మీరు మొదటినుంచీ చెప్పండి. పెద్దగా చెప్పినా ఫర్వాలేదు.

మీ
రిషిత