లావా దారిలో అద్దె వ్యాను

హిలో, హవాయి
2026 మార్చి 22, ఆదివారం

అమ్మకు,

హిలో వానలోంచి వేద నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను, నా గొడుగే బాగాలేదు. ఫ్రీమాంట్‌లో నువ్వూ నాన్నా కులాసా అనుకుంటున్నాను. ఫోన్ చేసి చెప్పమన్నావు కానీ రాత్రి ముగ్గురం ఒకే వ్యానులో పడుకున్నాం, ఏం మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. అందుకే కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నాను. అమ్మమ్మ ఏడాదిగా వీడియో కాల్‌లో నేర్పిన తెలుగు నాకు ఎంత వచ్చిందో చూసుకోవాలని కూడా ఉంది. తప్పులు కనిపిస్తే నవ్వుకో, నాన్నకి మాత్రం చూపించకు.

నువ్వు అడిగింది నాకు గుర్తుంది. హెర్న్‌డన్‌లో తాతయ్య కారుతో పక్కింటివాళ్ళ మెయిల్‌బాక్సుని గుద్దినప్పటి నుంచి నీకు నిద్ర లేదు. ఆయనా అమ్మమ్మా సెలవుకి నేను చదువుకుంటున్న ఈ దీవికొచ్చి క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకుంటున్నారని తెలియగానే నాకు ఫోన్ చేశావు. ఒక రోజు వెంట వెళ్ళు, వెనక సీట్లో కూర్చుని డ్రైవింగ్ చూడు, బాగాలేకపోతే కారు అమ్మించేసి ఇద్దర్నీ ఫ్రీమాంట్ తీసుకొచ్చేస్తాను అన్నావు. వాళ్ళకేమో హెర్న్‌డన్ వదలడం ఇష్టం లేదు. కారు లేకపోతే అక్కడ ఉండనూ లేరు. కాబట్టి నేను రాసే మాట చిన్నది కాదని తెలుసు. నిన్న చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే హిలో బజారులో బొప్పాయిలు కొని అగ్నిపర్వతం పార్కు దారి పట్టాం. సన్నగా చినుకులు. వ్యానులోనే మంచం, స్టవ్, సింకు. మలుపు తిరిగినప్పుడల్లా గిన్నెలు మోగుతాయి. స్టాప్ సైన్ ఉన్నచోటల్లా వ్యాను పూర్తిగా ఆగింది. ప్రతి మలుపుకీ ముందే సిగ్నల్ పడింది. ఒక్కసారి కూడా గీత దాటలేదు. లోపం ఒకటే, నెమ్మది. వెనక పికప్ అతను హారన్ మీద హారన్ కొడితే తాతయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పో నాయనా పో, ముహూర్తం నీకుందేమో, మాకు లేదు అన్నారు. కాసేపటికి ఆయనే, ముందున్న ట్రక్కుని ఓవర్‌టేక్ చెయ్యొచ్చు కదా అన్నారు. చేసి ఎక్కడికి వెళ్తామండీ, అగ్నిపర్వతంలోకా అంది అమ్మమ్మ.

నిన్న లావా పొంగలేదు. నేల పగుళ్ళలోంచి ఆవిరి మాత్రం వస్తోంది. తాతయ్య కంచె దగ్గర నిలబడి ఆవిరికి మొహం పెట్టి, దీపావళి మర్నాడు పొద్దున వీధి ఇలాగే వాసన వేస్తుంది అన్నారు. నేను గంధకం గురించి క్లాసులో చదివినదంతా చెప్పాను. ఆయన విని, నీ చదువు బాగుందమ్మా, కానీ నాకు మీ అమ్మమ్మ చెప్పాలి అన్నారు. అగ్నిపర్వతం బిలం ఎంత లోతు, అంచు ఏ రంగు, అవతలి గోడ ఎలా ఉంది అని ఒక్కొక్కటే అడిగారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

అక్కడి నుంచి దారి కొండ దిగి సముద్రం దాకా వెళ్తుంది. రెండు పక్కలా చల్లారిన లావా. మా పుస్తకాల్లో దానికి రెండు రకాల పేర్లున్నాయి. అమ్మమ్మకి అవి అక్కర్లేదు. నున్నగా మడతలు పడినదాన్ని పెనం మీద ముడుచుకుపోయిన అట్టు అంది. గరుకుగా ముక్కలైనదాన్ని చూసి, అడుగంటిన పాకం గీకి పారబోసినట్టుంది అంది. ఎంత దూరం ఉంది భానూ అని తాతయ్య అడిగితే, కనుచూపు మేర అంది. నీ కనుచూపే కదా, చాలానే ఉంటుందిలే అని ఆయన నవ్వారు. కనుచూపు మేర అన్న మాట నేను వెంటనే ఫోన్‌లో రాసుకున్నాను. ఇంగ్లీషులో ఇంత దూరం కనిపించదు.

ఒక మలుపులో బూడిదరంగు బాతులు పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటుతున్నాయి. వెనక ఉన్న నాకు కనిపించనే లేదు. వ్యాను ఎంత మెత్తగా ఆగిందంటే నా చేతిలో కాఫీ తొణకలేదు. తర్వాత ఒక చోట టూర్ బస్సుకి దారివ్వడానికి రివర్స్ చెయ్యాల్సి వచ్చింది. నేను దిగి కుడి, ఎడమ అని అరిచాను. రెండూ తారుమారుగా అరిచానట. వ్యాను నా మాట వినకుండా అద్దాల్నే నమ్ముకుంది, అందుకే ఏమీ కాలేదు.

మధ్యాహ్నం నల్ల ఇసుక ఒడ్డున ఆగి అటుకుల పులిహోర తిన్నాం. తాబేళ్ళు ఒడ్డుకొచ్చి పడుకున్నాయి. రుబ్బురోళ్ళు బోర్లించినట్టున్నాయండీ, ఒకటి మాత్రం మీలాగే గురక పెడుతోంది అంది అమ్మమ్మ. తాతయ్య ఇసుక గుప్పిట్లోకి తీసుకుని చాలాసేపు వేళ్ళ మధ్య నలిపారు. చీకటి పడేలోపు క్యాంపు చేరాం. వ్యాను గీతల మధ్య తిన్నగా నిలబడింది.

ఇదీ నిన్నటి డ్రైవింగ్. నాకు భయం వెయ్యలేదు. నన్ను అడిగితే, ఆ కారు అమ్మక్కర్లేదు.

నాన్నకి నా ముద్దులు.

ఈ దీవిలో తడుస్తున్న నీ కూతురు,
వేద

తా.క. అమ్మా, పైన రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. కానీ నువ్వు అడిగింది తాతయ్య డ్రైవింగ్ గురించి. నిన్న తాతయ్య స్టీరింగ్ ముట్టుకోలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపింది అమ్మమ్మే.

మెయిల్‌బాక్సు తర్వాత తాతయ్య కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళారట. ఆయన చూపులో నడిమి భాగం పోయింది, అంచులే మిగిలాయి. తిరిగి రాదన్నారు. ఇంటికొచ్చి ఎవరూ అడక్కుండానే కారు తాళాలు తీసి అమ్మమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ లైసెన్సు ఇన్నాళ్ళూ ఎయిర్‌పోర్టులో చూపించడానికే పనికొచ్చేది. శీతాకాలమంతా డ్రైవింగ్ టీచర్‌ని పెట్టుకుని నేర్చుకుంది. ఈ విషయం చివర్లో రాయమన్నది కూడా ఆవిడే. మొదటి లైనులోనే నా పేరు చూస్తే మీ అమ్మ మిగతాదంతా భయంతో చదువుతుంది, ముందు డ్రైవింగ్ చదవనీ అంది.

సాయంత్రం నువ్వు ఫోన్ చేసినప్పుడు తాతయ్యని కళ్ళ గురించి అడగకు. నిన్న ఏమేం చూశావని అడుగు. అన్నీ చెబుతారు. అట్టూ, పాకం, రుబ్బురోళ్ళూ, అన్నీ.